ఐదో తారీకు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నోళ్లు
కిరాయికిచ్చి చూడు అని మూడోది
ఎందుకు కలపలేదో.
వాళ్లకు పోర్షన్లు లేవు కావచ్చు.

నాకున్నయి. జడ్చర్లల, పట్టాల అవుతల,
నూటిరవై గజాలల్ల కింద రెండు, మీద రెండు.
పూణెల పద్దెనిమిదేండ్లు
మంది గోడలకు నున్నగ గిలాబు చేసిన చేతులు
సొంత గోడకాడికొచ్చేసరికి తొందరపడ్డయి.
మెట్లకాడి మూల ఇంకా వంకరే.

మణెమ్మ లెక్క సాఫుగుంటది:
మూడున్నర వేల చొప్పున నాలుగిండ్లకు పద్నాలుగు,
బ్యాంకుకు పదకొండు వేల నాలుగొందలు,
"మిగిలిన రెండు వేల ఆరొందలు
కూసోని తినొచ్చు కుర్మయ్యా" అంటది.
కూసునుడెక్కడిది?
మోటరు వైండింగు కాలుతది.
సంపుల బల్లి పడుతది.
ఇంటిపన్ను కాయితం తలుపు సందుల కెల్లి లోపలికొస్తది.
ఒక్క పోర్షను ఒక్క నెల తాళమేసుకుంటే
మిగులు పోయి
తొమ్మిదొందలు నేనే ఎదురు కట్టాలె.
టులెట్ బోర్డు సున్నంతో రాసిన అక్షరాలు
వానకు కారి నా పేరు మీదికే వచ్చినయి.

కింద ముందు పోర్షన్ల షాహిదా సిస్టరు,
ఒకటో తారీకు పొద్దుగాలనే
నా ఫోను టింగుమంటది. ఆమె గురించి రాసేది ఏం లేదు.
ఎనుక పోర్షనాయన పాలమూరు రోడ్ల సోఫాలు కుడుతడు,
పైసలకు బదులు ఒకనెల కుర్చీకి దిండు కుట్టిచ్చిండు.
మణెమ్మ మాట్లాడలే. దిండు మీద కూసోలే.

మీద రెండిట్లల్ల ఒడిశా పిల్లగాండ్లు,
పోలేపల్లి మందుల కంపెనీల పని.
ఒక్కో ఇంట్ల ఇద్దరమని చెప్పి దిగిండ్రు.
ఎడమ గడపకాడ చెప్పులు లెక్కపెడితే ఐదు జతలు.
పగటి షిఫ్టోడు లేస్తే రాత్రి షిఫ్టోడు వంగుతడు,
ఆ చాప ఎన్నడు చల్లారదు.
దండెం మీద బట్టలకు గోలీల వాసన.

మొన్న ఐదో తారీకు
ట్యాంకు ఖాళీ, నల్లా రాని దినం.
మెట్లు దడదడ ఎక్కి, చెప్పులు ఇడువకుండ
వాళ్ల గడపల నిలబడి అరిసిన:
"పాంచ్ ఆద్మీ! పానీ క్యా తేరా బాప్ దేతా హై?"

మాట నా నోట్లకెల్లి మొత్తం బయటకొచ్చినంక గుర్తుపట్టిన.
నేను బడిల హిందీ నేర్వలే.
హడప్సర్ల రేకుల షెడ్డుకాడ
మా ఇంటోడు ప్రతి నెల నా మొఖం మీద అరిసేది
ఇదే, ఇంతే, ఇదే గొంతు.
అప్పుడు మేము తొమ్మిది మందిమి.
ఒక్కడు బకెట్ ఎనుక దాక్కునేది.

బిపిన్ అనే పిల్లగాడు బనీను మీదనే లేచి
పైసలు రెండు చేతులతోని పట్టుకొని ఇచ్చిండు.
ఇచ్చి, నెమ్మదిగ, "అంకుల్, రసీద్" అన్నడు.
గ్యాస్ కనెక్షనుకు కావాలంట.

పద్దెనిమిదేండ్లల్ల నేనడిగింది రెండుసార్లే.
ఒకసారి ఆ ఇంటోడు నవ్విండు.
రెండోసారి సామాను బయటేసిండు.

కిందికొచ్చి మణెమ్మ చిట్టీల బుక్కు ఎనుక పేజీ చింపిన.
"జడ్చర్ల, మీద ఎడమ పోర్షను,
మూడున్నర వేలు ముట్టినయి."
ఇంటి యజమాని అని రాసేకాడ పెన్ను ఆగింది.
గారె పట్టుకున్నట్టు పట్టుకొని రాసిన, వంకరగనే.
పిల్లగాడు చాలాసేపు చూసిండు.
వానికి తెలుగు రాదు.
గ్యాసోళ్లు చదువుకుంటరు లే.

వచ్చే నెల నుంచి నీళ్లకు తలకు వంద.
మంచితనం అనుకోకుండ్రి, అది ఖాయం.
ఇంకో వెయ్యి లీటర్ల ట్యాంకు కొనాలె, మెట్ల మీద కెల్లి ఎక్కదు,
తాళ్లు గట్టి గుంజాలె.
ఐదుగురున్నరు గదా,
గుంజనీకె పిలుస్త.
ఏ హిందీల పిలువాలెనో
అదే ఆలోచిస్తున్న.